తొలి జీతాల్లో రెండు వేల కోత

మాచర్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ముప్పై మూడేళ్ళు పనిచేశాను. టైమ్ ఆఫీసు నాది. హాజరు చూడటం, ఓవర్‌టైమ్ లెక్క కట్టటం, నెలాఖరుకి జీతాల పట్టీ తయారు చేయటం. గుమాస్తాగా చేరి టైమ్ ఆఫీసరుగా దిగాను. మధ్యలో ఏ మెట్టు ఎప్పుడు ఎక్కానో చెప్పినా ఎవరికీ ఉపయోగం లేదు.

ఈ మధ్య మా ఆఫీసులో ఇద్దరు కొత్తవాళ్ళు చేరారు. పని గురించి నాలుగు మాటలు చెప్పమని ఇంటికి వచ్చారు. సాఫ్ట్‌వేరు సంగతి వాళ్ళకి నాకంటే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది జీతాల పట్టీలో ‘కోతలు’ అనే గడి గురించే. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లల డబ్బు ఆ గడిలోంచి ఎలా పోతుందో, పోనిచ్చిన వాళ్ళలో నేనెలా ఒకణ్ణయ్యానో చెప్పాను. చెబుతుంటే గొంతు పెరిగింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి వెళ్ళింది. అప్పుడు నోటితో సరిగా చెప్పలేకపోయిన దాన్ని ఇప్పుడు కుదురుగా రాస్తున్నాను.

సాంబయ్య గారి రెండో కవరు

నేను చేరిన కొత్తలో జీతాలు నోట్లుగానే ఇచ్చేవాళ్ళం. క్యాషియరు సాంబయ్య గారిది నరసరావుపేట. మాట మొరటు, చెయ్యి శుభ్రం. కొత్తగా చేరినవాడు మొదటి జీతానికి కిటికీ దగ్గరికి రాగానే, “ఏరా, ఒక కవరా, రెండు కవర్లా?” అని అడిగేవారు. వాడికి అర్థమయ్యేది కాదు. “ఇంటికిచ్చేది ఒకటి, నువ్వు దాచుకునేది ఒకటి. రెండోదాంట్లో ఎంత పెట్టమంటావో నువ్వే చెప్పు. వంద పెట్టు, యాభై పెట్టు. అసలొద్దంటే ఒకటే తీసుకుపో,” అనేవారు.

రెండో కవరు కావాలన్నవాడు దాన్ని పోస్టాఫీసులో కట్టుకునేవాడు. కట్టేదాకా ఆయన ఇనప్పెట్టెలో ఉంచమన్నా ఉంచేవారు. నెల మధ్యలో ఎవరైనా వచ్చి తిరిగి ఇమ్మంటే మారుమాట లేకుండా తీసి ఇచ్చేవారు. ఒకసారి నేను ఉండబట్టలేక, “ఎందుకని అడగరేందండీ? తాగటానికేమో,” అన్నాను.

“వాడి డబ్బు వాడు అడిగితే ఎందుకని అడగటానికి మనమెవరంరా,” అన్నారు.

పొదుపు గురించి నేను నేర్చుకున్నదంతా ఆ కిటికీ దగ్గరే. చేతిలో పడకముందే పక్కకి పోయిన డబ్బు నిలుస్తుంది. అది ఒకటి. అవసరం వచ్చిన రోజు ఆ డబ్బు మన చేతికి రావాలి. అది రెండోది. నేను మొదటిది గుర్తుంచుకుని రెండోది మర్చిపోయాను. జరిగిందంతా ఆ మరుపు వల్లే జరిగింది.

వెల్దుర్తి కుర్రాడి బండి

నా సర్వీసు చివరి రోజుల్లో ముప్పై రెండు మంది ట్రైనీలు ఒకేసారి చేరారు. ఐటిఐ, డిప్లొమా, డిగ్రీ చదివిన పిల్లలు. నెలకి పదమూడు వేలు. ఒక ఏడాదో రెండేళ్ళో అయ్యాక పనితీరు చూసి పర్మినెంటు చేస్తామని చెప్పి తీసుకున్నారు. ఆ ‘చూసి’ అనే మాట ఎంత పెద్దదో తర్వాత తెలిసింది.

వాళ్ళలో శ్రీను అనే కుర్రాడు వెల్దుర్తి నుంచి వచ్చేవాడు. మూడో నెలలోనే కొత్త బండి మీద గేటు దగ్గర దిగాడు. నేను పదిమందిలో కడిగేశాను. “పట్టుమని మూడు జీతాలు తీసుకోలేదు, అప్పుడే కిస్తీలా? మీ తరానికి దాచుకోవటం తెలవదు,” అన్నాను.

వాడు తలొంచుకుని మొత్తం విన్నాడు. అందరూ వెళ్ళాక నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“సార్, బి షిఫ్టు దిగేసరికి బాగా రాత్రవుద్ది, మా ఊరికి బస్సు ఉండదు. ఇక్కడ రూము తీసుకుంటే రెండున్నర వేలు అద్దె. తిండి ఇంకో మూడు వేలు. బండి కిస్తీ రెండు వేల మూడొందలు, పెట్రోలు పన్నెండొందలు. ఇంట్లో తిని ఇంట్లో పడుకుంటా. బండెక్కితేనే నాకు నెలకి రెండు వేలు మిగులుద్ది సార్.”

లెక్క సరిగ్గా ఉంది. లెక్కలు కట్టటమే వృత్తిగా బతికిన నేను ఆ లెక్క అడక్కుండానే వాణ్ణి తిట్టాను. క్షమాపణ చెప్పలేదు. “సర్లే, హెల్మెట్ పెట్టుకో,” అన్నాను. మా కాలం పెద్దమనుషుల క్షమాపణ అంతే.

కొత్త ఉద్యోగుల ఖర్చు గురించి మాట్లాడే వాళ్ళందరి మీదా నాకు కోపం అప్పుడే మొదలైంది. ఎవడు చూసినా టీ మానమంటాడు, సినిమా మానమంటాడు, ఫోను మార్చొద్దంటాడు. పదమూడు వేలు తెచ్చుకుని, అందులో ఐదారు వేలు ఇంటికిచ్చే పిల్లవాడు టీ మానేస్తే ఏం కూడుతుంది? రెండొందలో మూడొందలో. అదే పిల్లవాడి చేత ఒక్క తప్పుడు సంతకం పెట్టిస్తే నెలకి రెండు వేలు పోతాయి. టీ గురించి నీతులు చెప్పేవాళ్ళు ఆ సంతకం గురించి నోరెత్తరు. చాలాసార్లు ఆ సంతకం పెట్టించేది వాళ్ళే.

క్యాంటీన్లో పాఠం

శ్రీను బండి కొన్న నెలలోనే మా హెచ్‌ఆర్ మేనేజరు ట్రైనీలందరికీ క్యాంటీన్లో పొదుపు మీద క్లాసు పెట్టించాడు. టై కట్టుకున్న ఒకాయన వచ్చి తెరమీద బొమ్మలు చూపించాడు. మొదటి జీతం నుంచే దాచటం మొదలుపెడితే ఎంత పెరుగుతుందో చెప్పాడు. అందులో అబద్ధం లేదు. అసలు మాట చివర్లో వచ్చింది. నెలనెలా రెండు వేలు జీతంలోంచే కోయించుకుంటే చాలు, మిగతాదంతా తామే చూసుకుంటామన్నాడు. పిల్లలకి బిర్యానీ పెట్టారు.

మర్నాడు మేనేజరు ఫారాల కట్ట నా బల్ల మీద పెట్టాడు. “వెంకటేశ్వర్లు గారూ, మీ మాట వాళ్ళు వింటారు. సాయంత్రానికల్లా సంతకాలు పెట్టించండి.”

ఇంగ్లీషులో చిన్న అక్షరాలు, ఒక్కో ఫారం తొమ్మిది పేజీలు. నేను మొదటి పేజీ చూశాను. తర్వాత ఎక్కడెక్కడ సంతకం కావాలో అక్కడ పెన్సిలుతో గుర్తులు పెట్టాను. నేను చేసిన పని అదీ. చదవలేదు.

ల్యాబులో చేరిన నస్రీన్ అనే అమ్మాయి మాత్రం పెన్ను పట్టుకుని ఆగింది. మాచర్లలో బళ్ళు బాగుచేసే జానీ బాషా కూతురు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివింది. వాళ్ళింట్లో నెల జీతం అనేది చూసిన మొదటి మనిషి.

“సార్, ఇది మనకి కావాల్సినప్పుడు తీసుకోవచ్చా?” అంది.

“నీ డబ్బే కదమ్మా, ఎక్కడికి పోద్ది,” అన్నాను.

సంతకం పెట్టింది. ముప్పై రెండు మందిలో ముప్పై ఒక్క మంది పెట్టారు. పెట్టనివాడు శ్రీను ఒక్కడే. బండి కిస్తీ పోగా తన దగ్గర కోతకి చోటు లేదన్నాడు. దాచుకోవటం తెలియదని నేను తిట్టినవాడే బయటపడ్డాడు.

నస్రీన్ వచ్చిన రోజు

పద్నాలుగు నెలలు గడిచాయి. ఒక మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళ నస్రీన్ నా దగ్గరికి వచ్చింది. వాళ్ళ నాన్న ఇరవై రెండేళ్ళుగా నడుపుతున్న షాపుని ఓనరు పడగొట్టి కొత్తగా కడుతున్నాడట. పక్క సందులో రోడ్డు మీదికే ఒక గది దొరికింది. శుక్రవారం లోపు ముప్పై వేలు అడ్వాన్సు కట్టాలి.

“నా దాంట్లో ఇరవై ఎనిమిది వేలు ఉంది సార్. మిగతా రెండు వేలు నాన్న చూసుకుంటాడు. ఎవరిని అడగాలి?”

ఆ క్లాసు చెప్పినాయనకి నేనే ఫోను చేశాను. ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. అది పొదుపు ఖాతా కాదట, పన్నెండేళ్ళు కట్టాల్సిన బీమా పాలసీ అట. ఇంత తొందరగా మానేస్తే తిరిగి వచ్చేది ఏమీ ఉండదట.

“ఏమీ అంటే?” అన్నాను.

“ఏమీ అంటే ఏమీ లేదు సార్. అంతా ఫారంలోనే ఉంది. సంతకం చేశారు కదా.”

ఫోను స్పీకరులో ఉంది. నస్రీన్ విన్నది. ఏడవలేదు, అరవలేదు. “మీరు నీ డబ్బే అన్నారు కదా సార్,” అంది.

నేనేమన్నానో రాయాలంటే సిగ్గుగా ఉంది. “నేను చెబితే మాత్రం, చదువుకున్న పిల్లవి, చూసుకోవద్దా?” అన్నాను. ఇరవై రెండేళ్ళ పిల్ల భరోసా కోసం నా దగ్గరికి వస్తే నేను మొదట కాపాడుకున్నది నన్ను. నా ఖాతాలో ముప్పై వేలు ఉన్నాయి. ఇస్తానని ఆ నిమిషంలో తోచనే లేదు.

ఐదు రాత్రులు నిద్ర లేక, ఆదివారం ఆ డబ్బు తీసుకుని మాచర్ల వెళ్ళాను. గది శుక్రవారమే వేరేవాళ్ళకి పోయింది. జానీ బాషా పాత షాపులో రేకులు విప్పుతున్నాడు. నన్ను చూసి స్టూలు వేశాడు, టీ తెప్పించాడు. డబ్బు మాత్రం ముట్టుకోలేదు.

“మీ డబ్బు నాకెందుకు సార్. అది మీ పిల్లలది,” అన్నాడు. విప్పిన రేకు గోడకి ఆనించి, “ఆ కాయితం మీద సంతకం పెట్టమని నేనే చెప్పా దానికి. పెద్ద ఆఫీసులో చేరావు, సారోళ్ళు చెప్పినట్టు దాచుకో అన్నా. ఇప్పుడు దానికి ఏం చెప్పాలో నాకు తెలవట్లా,” అన్నాడు.

సోమవారం నుంచి ఆయన బస్టాండు దగ్గర ఇంకొకరి షెడ్డులో రోజుకూలికి కూర్చున్నాడు. తన దగ్గర పని నేర్చుకుని పైకొచ్చినవాడి షెడ్డు అది.

నా బీరువాలో కట్ట

ఆ సోమవారమే నేను ఆ ఫారాన్ని తొమ్మిది పేజీలూ చదివాను. ముప్పై మూడేళ్ళు కాగితాల మధ్య బతికినవాడికి డిక్షనరీ పక్కన పెట్టుకుని కూర్చుంటే అర్థం కానిదేమీ లేదు. ఒకచోట ఇలా ఉంది: పాలసీ బాండు చేతికి అందిన రోజు నుంచి ముప్పై రోజుల లోపు వద్దనుకుంటే రద్దు చేసుకోవచ్చు.

ఆ బాండులు ఎవరి చేతికీ అందలేదు. క్లాసు జరిగిన రెండు నెలలకి కట్టగా వస్తే, “పిల్లలు పారేసుకుంటారు, మీ దగ్గర ఉంచండి,” అని మేనేజరు నాకిచ్చాడు. రబ్బరుబ్యాండు కూడా తీయకుండా నా బీరువాలో పెట్టాను. పన్నెండు నెలలుగా నా వీపు వెనకే ఉన్నాయి.

కట్ట విప్పి చూస్తే ఇంకొకటి బయటపడింది. ముప్పై ఒక్క బాండుల్లోనూ ఫోను నెంబరు ఒకటే. పిల్లల నెంబర్లు కావు. బీమా కంపెనీ నుంచి ఏ కబురొచ్చినా పిల్లలకి చేరకుండా, ఆ క్లాసు చెప్పిన ఏజెంటు తన నెంబరే రాసుకున్నాడు. ఆ ఏజెంటు మా మేనేజరుకి బావమరిది అని అకౌంట్సులో ఒకాయన చెప్పాడు. ఆ సంగతి తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే అట.

బాండులు తీసుకుని మేనేజరు గదికి వెళ్ళాను. నస్రీన్ సంగతి చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

“మీకు రిటైర్మెంటు ఎన్ని నెలలుంది?”

“తొమ్మిది.”

“ఈ తొమ్మిది నెలలూ హాయిగా కూర్చోండి. పిల్లలకి పొదుపు అలవాటు చేద్దామని మంచి పని చేశాం. ఒకళ్ళకి కుదరకపోతే అందరికీ చెడగొడతారా?”

నాకు జీవితంలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. దొంగతనానికి కాదు. దొంగలు ఉంటారు. దాచుకోవాలని ఒక పిల్ల పడ్డ తపనని ఎరగా వాడుకుని, దానికి మంచి పని అని పేరు పెట్టినందుకు. చిల్లరగా ఖర్చుపెట్టే పిల్లని ఎవరూ ఈ రకంగా మోసం చేయలేరు. దాచుకుందామనుకున్న పిల్లనే చేయగలరు. ఒకసారి అలా దెబ్బతిన్నవాడు మళ్ళీ జన్మలో దాచడు. చేతికొచ్చింది చేతిలోనే ఊదేస్తాడు. అప్పుడు మళ్ళీ మనమే, ఈ తరానికి పొదుపు తెలియదంటాం.

పదకొండు మంది

ఆ సాయంత్రం బాండులన్నీ ఎవరివి వాళ్ళకి ఇచ్చి, అందిన తేదీ వేయించి సంతకాలు తీసుకున్నాను. రెండు కాగితాలు తయారుచేసి చూపించాను. ఒకటి జీతంలో కోత ఆపమని మా ఆఫీసుకి. రెండోది పాలసీ రద్దు చేసి డబ్బు తిరిగి ఇమ్మని బీమా కంపెనీకి. ఈసారి ప్రతి వాక్యం తెలుగులో చదివి చెప్పాను.

ముప్పై ఒక్క మందిలో పదకొండు మందే సంతకం పెట్టారు. మిగతావాళ్ళు బాండు తీసుకుని వెళ్ళిపోయారు. ఒకడు మాత్రం తలుపు దగ్గర ఆగి, “పర్మినెంటు అవ్వాలి కద సార్,” అన్నాడు. వాళ్ళని నేను తప్పు పట్టను. ఉద్యోగం నిలవాలంటే దోపిడీకి తలూపాలని పాతికేళ్ళు నిండకముందే నేర్పిన వాళ్ళని పడతాను.

పదకొండు మందికీ ఆ నెల పట్టీలోనే కోత ఆపేశాను. మేనేజరు సంతకం కోసం ఆగలేదు. వారం తిరక్కుండా నన్ను కాటా దగ్గరికి మార్చారు. లారీలు వచ్చినప్పుడు ఖాళీ బరువు, నిండు బరువు రాసుకునే పని. ఎండా దుమ్మూ తప్ప నాకు పోయిందేమీ లేదు. నాకింకా ఎనిమిది నెలలే. ఆ ధైర్యం అంత గొప్పదేమీ కాదని నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ సర్వీసు ముందుంటే ఏం చేసేవాణ్ణో నాకు నమ్మకం లేదు.

బీమా కంపెనీ మొదట కుదరదని రాసింది. దాని మీద బీమా ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ ఆఫీసుకి రాశాం. బాండు అందిన తేదీలు, పదకొండు మందికీ ఒకటే ఫోను నెంబరు ఉన్న నకళ్ళు పెట్టాం. ఆరు నెలలకి మొత్తం డబ్బు తిరిగొచ్చింది. మేనేజరుకి ఏమీ కాలేదు. ఇంకో పెద్ద ఫ్యాక్టరీకి, ఇంకా పెద్ద జీతానికి వెళ్ళాడు. అక్కడ కూడా క్లాసులు పెడుతూనే ఉంటాడు.

కొత్తగా చేరేవాళ్ళకి

మొదటి జీతం వచ్చిన నెల మీ ఇష్టం. అమ్మకి చీర కొనండి, స్నేహితులకి బిర్యానీ పెట్టండి. ఆ సంతోషం మళ్ళీ రాదు. రెండో నెల నుంచి జీతం పడ్డ రోజునే కొంత పక్కకి తీయండి. ఐదొందలైనా సరే, నెల మధ్యలో వెనక్కి తెచ్చుకోవాల్సిన అవసరం రానంత చిన్నదిగా ఉండాలి. రెండు మూడు నెలల ఇంటిఖర్చు కూడేదాకా అది ఒక్క రోజులో చేతికి వచ్చే చోటే ఉండాలి. వడ్డీ తక్కువైతే కానివ్వండి. మీ సంపాదన మీద బతికేవాళ్ళుంటే బీమా తీసుకోండి, కానీ బీమాని పొదుపు అని అమ్మేవాడి దగ్గర తీసుకోకండి. కొనాలనుకున్నదానికి శ్రీనులా కాగితం మీద లెక్క వేయండి. లెక్క కుదిరితే ఎవరేమన్నా కొనండి.

టైమ్ ఆఫీసులో చేరేవాళ్ళకి చెప్పేది ఒక్కటే. మీరు పెన్సిలుతో గుర్తు పెట్టిన చోట పిల్లలు కళ్ళు మూసుకుని సంతకం పెడతారు. ఆ నమ్మకం మీకు కంపెనీ ఇచ్చింది కాదు, వాళ్ళు ఇచ్చింది. చదవని కాగితం వాళ్ళ ముందు పెట్టకండి.

డబ్బు పడ్డ మర్నాడు నస్రీన్ కాటా గదికి వచ్చింది. బస్టాండు వెనక చిన్న గది ఒకటి ఖాళీ అయిందట, రోడ్డు మీదికి కాదు గానీ షట్టరు ఉందట. ఇరవై ఐదు వేలు అడ్వాన్సు కట్టేశామంది. “నాన్న పాత బోర్డు తుడుస్తా కూర్చున్నాడు సార్,” అని నవ్వింది.

“మంచిదమ్మా. వచ్చే నెల నుంచి నీ రెండు వేలు పోస్టాఫీసులో...” అని మొదలుపెట్టాను.

“మీరు చెప్పొద్దు సార్,” అంది. కోపంగా కాదు, మామూలుగానే. బ్యాగులోంచి మూడు రకాల ఫారాలు తీసింది. పోస్టాఫీసుది ఒకటి, రెండు బ్యాంకులవి. అన్నిటి మీదా ఎర్ర పెన్నుతో గీతలున్నాయి. “నేనే చదువుతున్నా. అర్థం కాని చోట గీత గీశా. అవి మాత్రం చెప్పండి.”

బయట లారీవాడు హారను కొడుతున్నాడు. ఆగమని చెయ్యి ఊపి ఆమె పక్కన కూర్చున్నాను. మొదటి రెండు గీతలకీ అర్థం చెప్పాను. మూడోది, మధ్యలో ఒక నెల కట్టకపోతే ఏమవుతుందో చెప్పే వాక్యం. రెండుసార్లు చదివాను.

“ఇది నాకూ తెలవట్లేదమ్మా. రేపు కనుక్కుని చెబుతా,” అన్నాను.

కొత్తగా చేరిన ఉద్యోగితో నేను ఆ మాట అనటం నా సర్వీసు మొత్తంలో అదే మొదటిసారి.

“సరే సార్,” అంది నస్రీన్, ఫారాలు మడిచి బ్యాగులో పెట్టుకుంటూ. “అప్పటిదాకా సంతకం పెట్టను.”